క్రిమి, మందు

తెలుగు మేష్టారికి జీవశాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మా కాలేజీలో బి.ఏ., బి.కాం. పిల్లలకు కూడా కాస్త జీవశాస్త్రం చెప్పాలన్నారు. పాఠం చెప్పే ఆవిడ నా దగ్గరకు వచ్చి, "సార్, ఒకసారి వెనక బెంచీలో కూర్చుని వినండి. పిల్లలకు కొరుకుడు పడని మాటలుంటే తెలుగు చేసి పెట్టండి" అన్నారు. మాటలు కల్పించడమంటే మా బోటివాళ్ళకు ఎక్కడలేని హుషారు. వెళ్ళి కూర్చున్నాను.

ఆరోజు పాఠం బాక్టీరియా, వైరస్. బాక్టీరియా ఒంటి కణమే గాని సంసారం గలది. చాలావాటికి చుట్టూ గోడ వుంటుంది. తన వంట తానే వండుకుంటుంది. యాంటీబయాటిక్ ఆ గోడనో, ఆ వంటనో చెడగొడుతుంది. వైరస్‌కు యిల్లూ లేదు, పొయ్యీ లేదు. ఇంకొకరి కణంలో దూరి, వాళ్ళ పొయ్యిమీదే తన పని కానిచ్చుకుంటుంది. అందుకని ఆ మందు దాన్నేమీ చెయ్యలేదు. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి వుందని కూడా ఆవిడ చెప్పారు.

నేను మాత్రం అప్పటికి క్లాసులో లేను. ఇందుకూరుపేటలో, మా రొయ్యల గుంట గట్టుమీద వున్నాను.

1995. నాకు పదిహేనేళ్ళు. మైపాడు వైపు వరి మళ్ళు గుంటలైపోతున్న రోజులు. మా నాయన రెండెకరాలు తవ్వించి టైగరు రొయ్య వేశాడు. ఒకనాటి తెల్లవారుజామున రొయ్యలు నీరసంగా గట్టువారకు చేరాయి. పెంకుమీద తెల్లటి మచ్చలు. "క్రిమి పట్టింది, మందు వెయ్యాలి" అన్నారు అందరూ. నాయన అమ్మ గాజులు కుదువబెట్టి, యాంటీబయాటిక్ డబ్బాలు తెచ్చి పోశాడు. వారం తిరిగేసరికి గుంట ఖాళీ. ఆ రోజుల్లో తెల్లమచ్చ తెగులు ఆంధ్ర కోస్తాలో ఎన్నో గుంటలను అలాగే వూడ్చుకుపోయింది. కాని నాయన చివరిదాకా ఒకటే మాట: "ఇంకో రెండు డబ్బాలు పోసివుంటే దక్కేది. నా చేతులారా పోగొట్టినా."

అది వైరస్. ఇరవై డబ్బాలు పోసినా దక్కేది కాదు. ఆ ముక్క చెప్పి ఓదార్చడానికి యిప్పుడు నాయన లేడు.

క్లాసు చివర బి.కాం. అమ్మాయి ఒకతె లేచింది. "మేడమ్, మరి గుంటకు తెల్లమచ్చ వస్తే ఏం వెయ్యాల?"

"వచ్చాక వేసే మందు లేదమ్మా. ముందే పరీక్ష చేయించిన సీడు వేసుకోవాలి. తెగులు తగిలిన గుంట నీళ్ళు కాలవలోకి వదలకూడదు. వదిలితే పక్కవాళ్ళ గుంటా పోతుంది."

"మా నాయన రేపు డబ్బాలు తెస్తానన్నాడు. ఈ రాత్రికే చెప్తా" అంది ఆ పిల్ల.

ఇంటికి వచ్చి నా మాటల పట్టిక తీశాను. రెంటికీ కలిపి 'క్రిమి' అని రాసుకున్నాను. ఆ మాట కొట్టేసి, బాక్టీరియాను బాక్టీరియా అనీ, వైరస్‌ను వైరస్ అనీ వుంచాను. తెలుగు యెమ్మే చదివినవాడు చెయ్యదగిన పని కాదంటారేమో! మా నాయన వుంటే మాత్రం కాదనేవాడు కాదు.