కెప్టెన్ నీమోను మళ్ళీ చదివాక

చిన్నతనంలో ప్రాణంగా చదువుకున్న పుస్తకాన్ని నలభై దాటాక మళ్ళీ తెరవాలంటే మనసులో ఏదో బెరుకు. ఆనాటి అద్భుతం రంగు వెలిసి కనిపిస్తుందేమోనన్న బెరుకు. జూల్ వెర్న్ ఫ్రెంచి నవల ‘సముద్రగర్భంలో ఇరవై వేల లీగులు’ విషయంలో నాకది మరీ ఎక్కువ. 1869-70లో ధారావాహికగా వెలువడిన ఆ నవలలో నాటిలస్ అనే జలాంతర్గామి విద్యుత్తుతో నడుస్తుంది. అణుశక్తి నౌకలు నెలల తరబడి నీటి అడుగున తిరిగే ఈ కాలంలో అందులో అబ్బురపడడానికి ఏం మిగిలి ఉంటుంది?

బాల్యంలో నేను చదివింది పిల్లల కోసం కుదించిన పుస్తకం. అందులో యంత్రం ఉంది, ఓడను చుట్టుకునే రాకాసి జీవి ఉంది, దక్షిణ ధ్రువపు మంచు ఉంది. ఇటీవల పూర్తి నవల చదువుతూంటే యంత్రం నెమ్మదిగా వెనక్కి తప్పుకుంది, మనిషి ముందుకు వచ్చాడు.

నీమో అంటే లాటిన్‌లో ‘ఎవరూ కాదు’ అని అర్థం. పేరునూ ఊరునూ తుడిచేసుకున్న ఆ మనిషి తన గది గోడకు లింకన్, జాన్ బ్రౌన్ వంటి వారి చిత్రాలు తగిలించుకున్నాడు. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగే ఒక పేదవాణ్ణి సొరచేప బారినుండి కాపాడి, అతడి చేతిలో ముత్యాల సంచీ పెడతాడు. అతడు పీడిత దేశపు మనిషనీ, తుదిశ్వాస దాకా తానూ ఆ దేశం వాడినేననీ అంటాడు.

ఆ మాటలోని గుట్టు 1875లో పూర్తయిన ‘మర్మద్వీపం’లో విడుతుంది. నీమో అసలు పేరు దక్కార్. బుందేల్‌ఖండ్ రాకుమారుడు, 1857 తిరుగుబాటులో పోరాడి ఓడినవాడు. వెర్న్ అతణ్ణి టిప్పు సుల్తానుకు బంధువును కూడా చేశాడు. మైసూరుకూ బుందేల్‌ఖండ్‌కూ చుట్టరికం ఎలా కలిసిందో ఆయనకే తెలియాలి! నిజానికి మొదట నీమోను రష్యా మీద పగబట్టిన పోలండు కులీనుడిగా ఊహించాడట. ప్రచురణకర్త హెట్జెల్ అందుకు ఒప్పుకోలేదు. నీమో మనవాడయ్యాడని పొంగిపోతున్న నాకు, ఆ సంగతి తెలిశాక నవ్వు వచ్చింది. అయితేనేం, ఓడిన జాతుల దుఃఖానికి చిరునామా మార్చినా బరువు మారదు.

చిన్నప్పుడు నాటిలస్ యుద్ధనౌకను చీల్చుకుంటూ పోతే నేను చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆ పుటల్లో మునిగిపోతున్న నావికులే కనిపించారు. ఆ తరువాత ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు ఉన్న చిత్రం ముందు మోకరిల్లి వెక్కి వెక్కి ఏడ్చే నీమో కనిపించాడు. అతడిది న్యాయమా, అన్యాయమా? ఈ వయసులో నాకు జవాబు అంత తొందరగా రావడం లేదు.

వెర్న్ మాత్రం ఒక జవాబు చెప్పించాడు. మరణశయ్య మీద నీమో తన జీవితంపై తీర్పు అడిగితే, ఇంజనీరు సైరస్ స్మిత్, గడిచిన కాలాన్ని తిరిగి బతికించగలనని నమ్మడమే నీ పొరపాటు, అనివార్యమైన ప్రగతితో పోరాడావు అంటాడు. ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మన దేశాన్ని పరాయివాడు ఏలడం ప్రగతా? నీమోను అంతగా ప్రేమించిన రచయిత కూడా తన కాలపు గోడ దాటలేకపోయాడా?

కానీ ఆ తీర్పుకు సమాధానం వెర్న్ కథలోనే ఉంది. ఆ మాట అంటున్న ఇంజనీరు నిలబడినది నాటిలస్‌లో. అంతటి యంత్రం ఏ సామ్రాజ్యం దగ్గరా లేదు. దాన్ని నిర్మించినవాడు, గతానికి అతుక్కుపోయాడని అందరూ తేల్చేసిన ఆ ఓడిన రాకుమారుడే. చిన్నప్పుడు నేను కళ్ళు విప్పార్చుకుని చూసిన యంత్రంలోని అసలు అద్భుతం ఇదే అనిపించింది. మీ ఇంట అటక మీద ఇలాంటి పుస్తకం ఏదైనా ఉంటే, దుమ్ము దులిపి ఒకసారి దించండి.