వంగి లేచే ఇనుము
వంగిన ప్రతిసారీ మళ్లీ లేచే ఇనుము కమాను పట్టీ. 2010లో వచ్చిన తొలి మహీంద్రా థార్‌కు వెనక ఇవే ఉండేవి. 2020 మోడల్‌లో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కొండదారుల కోసం ఎత్తు పెంచిన పాత బండి కిర్రుమంటే, పట్టీల సందులో ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తుంది. ఎన్ని గోతులు మోసిన గుర్తో అది! చక్రం తన గూడు మధ్య నుంచి పక్కకు జరిగితే పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగిందేమో చూడాలి. యాక్సిల్‌ను పట్టీలకు గట్టిగా పట్టి ఉంచేవి యూ బోల్టులు; అవి వదులైతే ఆ చిన్న బోల్టు మీదే భారమంతా పడుతుంది. ఎత్తు పెంచిన బండిలో బయలుదేరేటప్పుడు వణుకు పుడితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాన్ని అనుమానించాలి. కొత్త కమాన్లు బరువుకు సర్దుకునేకొద్దీ బిగువు సడలుతుంది. అందుకే కొంత దూరం తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి.