పత్తికొండలో కారు లేని కాపురము

కారు నమ్మివేసి మేము పత్తికొండకు గాపురము వచ్చినపుడు నాకు గాళ్లు విఱిగినట్లుండెను. రైలెక్కవలెనన్నను తుగ్గలికి బోవలసిన యూరిది. గుంతకల్లులో మా యమ్మకు జ్వరమని తెలిసిననాడు, ఎవరి బండి నడుగుదునా యని గుమ్మమున నిలిచి యేడ్చితిని, సోదరీమణులారా!

పొరుగామె నన్ను నడచియే బస్సుస్టాండునకు దోడుకొనిపోయెను. 2025 ఆగస్టు 15 మొదలు మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో చార్జీ లేదు. ఆధారు కార్డు చూపిన కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టిచ్చును. త్రోవలో నామె, 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో యీ యూరనే కలరాతో మరణించెననియు, ఆయన జ్ఞాపకార్థము మెట్లబావి త్రవ్వించి తోపు వేయించిరనియు జెప్పెను. కారులో నెన్నిమారు లీ యూరి మీదుగా బోయితిమో, ఆ సంగతి యెఱుగనైతిని!

వాన వచ్చిన గష్టమే. పొద్దు గ్రుంకులోపల నిల్లు చేరవలెను. అమ్మ కిపుడు నెమ్మది. ఆదివారము మరల బోయెదను.