తాడు వదులైతేనే అడుగు

రాజపాళయం కుక్కకి మా ఊరి పేరే. వేటజాతి, 2005లో తపాలాబిళ్ల మీదికి కూడా ఎక్కింది. మా మల్లెని రోజూ తాతయ్యే తిప్పేవారు. ఆయన మోకాళ్లు మొరాయించాక, "ఆడపిల్ల చేతికి ఆగదు, తోటకి పంపేద్దాం" అన్నాడు బాబాయి. నేను ఒప్పుకోలేదు.

వెనక్కి గుంజితే కుక్క ఇంకా ముందుకే గుంజుతుంది. అందుకని తాడు బిగిస్తే చెట్టులా నిలబడిపోయేదాన్ని. వదులైతే "పద" అని కదిలేదాన్ని. పక్కనే నడిస్తే చిన్న కోడిముక్క. మొదటిరోజు వీధి చివరికి చేరేసరికి అరగంట పట్టింది. చూసినవాళ్లు "ఒక్కటి వెయ్యరాదూ?" అన్నారు. వెయ్యలేదు.

నాలుగో వారం, మలుపులో పిల్లి అడ్డొచ్చింది. తాడు బిగిసింది. నేను ఆగాను. మల్లె వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

ఇప్పుడు తాతయ్య అరుగు మీంచి అడుగుతారు: "ఇవాళ ఎందాకా వెళ్లారే మీరిద్దరూ?"