ప్రతినాయకుని నోట మన సీమ మాట

ప్రతినాయకుని వంశమును, విద్యను, పరాక్రమమును వర్ణించి, అట్టివానిని నాయకుడు జయించెనని చెప్పుట నాయకునికే వన్నె యని దండి కావ్యాదర్శమున చెప్పియున్నాడు. రావణుడు అల్పుడైనచో రాముని విజయమునకు విలువ యేమి? అయినను ఆట ముగిసిన పిమ్మట పూలదండ రావణ వేషధారికి దక్కుట యరుదు. అట్టి వేషములతో పేరొందిన మన సీమవారు జయప్రకాశ్ రెడ్డిగారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిని.

వారి జన్మస్థలము శిరివెళ్ల. నాడది కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. వారు వృత్తిచే గణితోపాధ్యాయులు. 1988లో దాసరి నారాయణరావుగారి ‘బ్రహ్మపుత్రుడు’తో చిత్రసీమ ప్రవేశించిరి. కొన్ని చిత్రములైన పిదప రాబడి చాలక మరల పాఠములు చెప్పుకొనుటకే పోయిరి. బడిపంతులు జీతముతో సంసారము నడపు నావంటి యిల్లాండ్రకు ఆ తిరుగు ప్రయాణపు బరువెంతటిదో వేరుగ చెప్ప నక్కరలేదు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ వెలువడుటతో వారి పేరు ఇంటింట మ్రోగినది. ఆ గంభీరస్వరమున పలికినది మన సీమ యాసయే.

ఇందు మేలును కలదు, కీడును కలదు. మన పలుకు ఆంధ్రదేశమంతయు వినబడుట మేలు. అది పగకును, నెత్తుటికిని గుర్తుగా వినబడుట కీడు. మా అమ్మాయి చదువునకై కోస్తా పట్టణమునకు పోగా, “మీ ఇంట బాంబులుండునా?” యని తోడి బాలికలు నవ్వుచు అడిగిరట. నాటినుండి “యాడికి”, “ఏందప్పా” యను మాటలను అది మ్రింగివేసి మాటాడ నేర్చినది. సెలవులకు వచ్చి నాతోను అట్లే మాటాడగా నా కడుపు తరుగుకొనిపోయినది. వానలకై మొగము వాచిన చేలు, కడవలతో నడచు ఆడువారు, పిల్లల చదువులకై గాజులు కుదువబెట్టు తల్లులు: వీరిదికాదా సీమ?

అయినను నేరము నటునిపై మోపుట న్యాయము గాదు. కథ వ్రాసినవారు వేరు, వేషము గట్టినవారు వేరు. వారికి గల శక్తి క్రౌర్యమొక్కటియే యైనచో, 2005లో ‘ఎవడి గోల వాడిది’ చిత్రమున అంతగా నవ్వింపగలిగెడివారా? రంగస్థలమున తామొక్కరే నిలిచి ‘అలెగ్జాండర్’ అను ఏకపాత్ర నాటకమును నడుపగలిగెడివారా? 2020 సెప్టెంబరు 8వ తేదీన గుంటూరులో, తమ 74వ యేట, వారు కన్నుమూసిరి.

వారు జంకక వేలమంది యెదుట పలికిన పలుకును మన బిడ్డలు నలుగురిలో దాచుకొననేల? గ్రంథభాష గ్రంథమునకు, ఇంటిమాట యింటికి. రెండును నేర్చిన పిల్లకు లోటుండదు. అమ్మ మాటకు సిగ్గుపడ నేర్చిన పిల్లకు ఏ చదువును ఆ లోటు తీర్పజాలదు. ఈ సంగతి తల్లులమగు మనము మన యాసలోనే వారికి చెప్పవలయును.