కారెంపూడి రాయబారం

నరసరావుపేటలో మేము బస్సు ఎక్కేసరికి బాగా పొద్దెక్కింది. నా వెంట మా మేనల్లుడు ఉన్నాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. దారి పొడుగునా మిరప చేలు, పత్తి చేలు, నాపరాళ్ళు నిలువునా పాతి కట్టిన దొడ్లు కనిపించాయి. ఇదంతా ఒకప్పుడు గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు వేరే జిల్లా అయింది. నరసరావుపేట దానికి ముఖ్యపట్టణం.

కారెంపూడి నాగులేటి ఒడ్డున ఉన్నది. పన్నెండో శతాబ్దంలో గురజాల రాజు నలగాముడికీ, మాచర్ల రాజు మలిదేవుడికీ యుద్ధం జరిగింది ఇక్కడే. ఆ యుద్ధంలో పడిన వీరులకు ఈ ఊళ్ళో గుడి కట్టారు. ఏటా కార్తీక అమావాస్యకు ఉత్సవం మొదలై అయిదు రోజులు సాగుతుంది. మేము వెళ్ళినది రెండో రోజు. ఆ రోజును “రాయబారం” అంటారు.

కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్ళు దేశం విడిచి ఉన్నారు. గడువు తీరాక, తమ రాజ్యం తమకు ఇమ్మని అడగటానికి అలరాజును గురజాలకు పంపారు. రాయబారానికి వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి గురై చనిపోయాడని కథ. ఆ తరవాత యుద్ధం తప్పలేదు.

జనం మధ్య నుంచి బయటపడి ఏటి ఒడ్డున కూర్చున్నాం. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మామయ్యా, మన ఒంట్లో కూడా సైన్యం ఉంటుందని మా మాస్టారు చెప్పారు. మరి తాతయ్యకు కోవిడ్ వచ్చినప్పుడు ఆ సైన్యం ఏమైంది?” అని అడిగాడు.

వాడి తాతగారు 2020లో, ఇంకా టీకాలు రాకముందు, పోయారు.

“సైన్యం ఉన్నదిరా. దానికి కబురు వేళకు అందలేదు,” అన్నాను.

“కబురు ఎవరు పంపుతారు?”

“వైరస్ చొరబడిన కణమే పంపాలి. ప్రతి కణంలోనూ కావలివాళ్ళు ఉంటారు. వైరస్ తన ఆర్.ఎన్.ఏ.కు నకళ్ళు తీసుకునేటప్పుడు రెండు పేటల ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది. అలాంటిది కంటపడగానే కావలివాళ్ళు కేక పెడతారు. వెంటనే కణం ఇంటర్ఫెరాన్ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది చుట్టుపక్కల కణాలకు వెళ్ళి, ‘శత్రువు వచ్చాడు, తలుపులు వేసుకోండి’ అని చెబుతుంది. దీన్ని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్మన్ అనే ఇద్దరు కనిపెట్టారు.”

“మరి కోవిడ్ వైరస్‌ను కావలివాళ్ళు చూడలేదా?”

“అది మాయల మారిది. కణంలోనే పొరలతో చిన్న చిన్న గదులు కట్టుకుని, నకళ్ళు వాటి లోపల తీసుకుంటుంది. మన ఆర్.ఎన్.ఏ.కు తల దగ్గర ఒక టోపీ ఉంటుంది. అచ్చం అలాంటి టోపీనే తన ఆర్.ఎన్.ఏ.కూ పెడుతుంది. అది చూసి కావలివాళ్ళు మనవాడే అనుకుంటారు.”

“ఎవరైనా పసిగడితే?”

“దానికీ ఉపాయం ఉన్నది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలకు వైరస్ అడ్డుపడుతుంది. అందువల్ల ఇంటర్ఫెరాన్ సరిగా తయారు కాదు. ఒకవేళ తయారై పక్క కణానికి కబురు చేరినా, అక్కడా వైరస్ దూరి ఉంటే, కేంద్రకం గుమ్మం దగ్గరే ఆ కబురును ఆపేస్తుంది.”

“అలరాజును చంపినట్టే!” అన్నాడు మా వాడు.

“అవును. వయసు మళ్ళినవాళ్ళలో ఈ కబురు మామూలుగానే నెమ్మది. అది అందేసరికి వైరస్ బాగా పెరిగిపోతుంది. అప్పుడు సైన్యం ఒక్కసారిగా వచ్చి పడితే, ఆ పోరులో ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయి. టీకా శత్రువు ఆనవాళ్ళను సైన్యానికి ముందుగానే చూపిస్తుంది. అందుచేత సైన్యం త్వరగా కదులుతుంది. మన దేశంలో ఆ టీకాలు వేయటం 2021 జనవరి 16న మొదలైంది.”

వాడు తల వంచుకుని, ఒక గులకరాయి ఏట్లోకి విసిరాడు.

“తాతయ్యకు జ్వరం వచ్చే ముందు నేను ఆయన పక్కనే పడుకునేవాణ్ణి. తరవాత నాకూ కాస్త జలుబు చేసింది. నా వల్లే వచ్చిందా, మామయ్యా?”

ఈ మాట వాడు ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నాడన్నమాట!

“ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరురా,” అన్నాను. “జ్వరం, ఒళ్ళు నొప్పులు చాలావరకు మన సైన్యం కదిలినందువల్ల వచ్చేవే. కబురు ఆగిపోతే అవి వెంటనే కనిపించవు. ఈలోగా మనిషి హాయిగా తిరుగుతూనే ఉంటాడు, వైరస్ పక్కవాళ్ళకు పాకుతూనే ఉంటుంది. అందుకే ఒంట్లో బాగున్నవాళ్ళను కూడా ముక్కూ నోరూ కప్పుకోమన్నారు. నీ ఒంట్లో ఉన్న కావలివాళ్ళే పోల్చుకోలేని దొంగను ఏడేళ్ళ పిల్లవాడివి నువ్వు ఎలా పోల్చుకుంటావు?”

మా వాడు కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. ఊళ్ళో నుంచి డప్పులు వినిపిస్తున్నాయి.

“పద మామయ్యా, రాయబారం కథ చెబుతున్నారు, విందాం,” అన్నాడు.