పులుపుకీ ఓ వయసుంది!

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే... రాళ్లగుట్టలు, వేరుసెనగ చేలు, వాటి గట్ల మీద గొడుగులు పట్టినట్టు చింతచెట్లు. పట్టుచీరల ఊరు దాటాక వచ్చేది పెనుకొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన కోట. ఇంకాస్త ముందుకెళితే హిందూపురం. వేసవి మొదట్లో ఇక్కడి మార్కెట్‌ యార్డులో అడుగుపెడితే నోట్లో నీళ్లూరాల్సిందే. ఎటు చూసినా చింతపండు కుప్పలే!

ఫలానా ఏడాది పంట అని చెప్పి మరీ రెడ్‌వైన్‌ అమ్ముతారు ఫ్రాన్స్‌లో. చింతపండుకీ ఆ లెక్క ఉంది. చెట్టు ఓ ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది కాపు తగ్గుతుంది. కాయ పండేవేళ వాన పడిందా... బూజు, పురుగు తప్పవు. కాపు బాగున్నా పని తీరని పనే. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, గింజ తీయడానికి ఇళ్లముందు ఆడవాళ్లు రోజంతా కూర్చుంటారు. శుభ్రంగా తీసిన ‘కరిపులి’కి మంచి ధర. ‘ఫ్లవర్‌’ రకానిది దాని తర్వాతి స్థానమే.

చుట్టరికం అంతటితో ఆగదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్‌ ఆమ్లమే చింతపండు పులుపుకీ మూలం. రెండూ ఏళ్లతరబడి నిలవుండటంలో ఆ పులుపు పాత్ర పెద్దదే. అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం ‘అనంత రుధిర’ అనే ఎర్రచింత రకాన్ని తెచ్చింది. పేరుకు తగ్గట్టు గుజ్జు రక్తంలా ఎర్రన. ఎర్రచింతకు ఆ రంగునిచ్చేవి నల్లద్రాక్షలో ఉండే ఆంథోసైనిన్ల కోవకు చెందినవే.

తేడా అంతా వయసు దగ్గరే. మేలైన వైన్‌ పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. చింతపండు గాలికీ వేడికీ నల్లబడుతుంది. నల్లబడితే బజారులో విలువ పడిపోతుంది. కోల్డ్‌ స్టోరేజీలో పెడితే ఆ మార్పు బాగా నెమ్మదిస్తుంది. కానీ అద్దె కట్టాలి, నెలలపాటు సొమ్ముకోసం ఆగాలి. చెట్లు గుత్తకు తీసుకుని అప్పుమీద కాయ దులిపించినవాళ్లకు ఆ ఓపిక ఎక్కడిది? అందరి సరుకూ ఒక్కసారే యార్డుకు వచ్చి ధర దిగినా తెగనమ్ముకోక తప్పదు. దాచుకోగలిగినవాళ్లదే లాభం. వయసు ఒకటే... అది కొందరికి వరం, కొందరికి భయం.

ఇంట్లో మాత్రం లెక్క వేరు. గింజ తీసి, ఉప్పు కలిపి, జాడీలో అదిమిపెట్టిన చింతపండు ఏటికేడూ నల్లబడుతూనే ఉంటుంది. పచ్చగా మెరిసే పులిహోరకు కొత్తది కావాలి. ఒంట్లో బాగోలేనివారి చారుకు మాత్రం పాతదే పథ్యమంటూ జాడీ అడుగుకు చెయ్యి పెడతారు పెద్దవాళ్లు. బజారు కాదన్న నలుపే అక్కడ మందు!